డబ్బా అమ్మే ముందు మాత్రల సంగతి అడగమనండి

భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ అధ్యక్షుల వారికి,
ఎఫ్‌డీఏ భవన్, కోట్లా రోడ్డు, న్యూఢిల్లీ



షుగర్ ఉన్నవాళ్లు ఒళ్లు తగ్గడానికని నెలవారీ చందా కట్టి డైట్ డబ్బాలు తెప్పించుకోవడం హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల దగ్గరే ఆగలేదు. మా విజయవాడలో, గుంటూరులో పెద్దవాళ్ల ఇళ్లకూ వచ్చేసింది. కొందరికి మూడు పూటలా వండిన డబ్బా గుమ్మం దగ్గరికి వస్తుంది. కొందరికి వేడినీళ్లు పోసుకుని తినే పొట్లాలు నెలకు సరిపడా ఒకేసారి దిగుతాయి. ఇంకొందరికి అన్నం బదులు కలుపుకుని తాగే పొడి. పేర్లు వేరైనా బేరం ఒకటే. ఏం తినాలో, ఎంత తినాలో మీరు ఆలోచించక్కర్లేదు, మేం కొలిచి పంపిస్తాం, బరువు తగ్గుతారు, షుగరూ దిగుతుంది అంటారు.

నేను ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ డబ్బాలు తినేవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాటిని ఆపించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వంట చేసే ఓపిక లేని వయసులో, ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు, కొలిచిన భోజనం వేళకు రావడం ఎంత ఆసరాగా ఉంటుందో చూస్తున్నాను. నా బాధ వేరే. షుగర్ మాత్రలు వేసుకునే మనిషికి తిండి ఒక్కసారిగా తగ్గించారంటే, మందుల చీటీలో ఒక్క అక్షరం మారకుండానే ఆ మాత్రల మోతాదు పెంచినట్టే. అలాంటి సరుకును 'మీరు ఏ మందులు వాడుతున్నారు' అని అడగకుండా అమ్మడానికి వీల్లేదని చెప్పగలిగింది మీరే. అందుకే మీకు రాస్తున్నాను.

కొలిచి పెట్టిన తిండి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. న్యూకాసిల్ ప్రొఫెసర్ రాయ్ టేలర్, గ్లాస్గో ప్రొఫెసర్ మైక్ లీన్ బ్రిటన్‌లో నడిపిన 'డైరెక్ట్' అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ మీద లేనివాళ్లు అందులో చేరారు. మూడు నుంచి ఐదు నెలలు మామూలు భోజనం పూర్తిగా మానేసి, రోజుకు సుమారు 850 కేలరీల షేకులు, సూపులతో గడిపారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ మధుమేహం హద్దు కిందికి దిగింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం మందికి దిగింది. అమెరికాలో 5,145 మందితో సాగిన 'లుక్ అహెడ్' అధ్యయనంలోనూ భోజనం బదులు కొలత పొట్లాలు ఎక్కువగా వాడినవాళ్లే మొదటి ఏడాది ఎక్కువ బరువు తగ్గారు.

ఈ అంకెలు చెప్పి అమ్మేవాళ్లు ఒక సంగతి చెప్పడం లేదు. డైరెక్ట్‌లో షేకులు మొదలైన రోజే షుగర్ మందులు, బీపీ మందులు ఆపించారు. ఆపించింది వాళ్ల ఊరి ఆరోగ్య కేంద్రమే. ఆ తర్వాత కూడా పిలిచి చూస్తూ, అవసరమైనవాళ్లకు మందులు మళ్లీ మొదలుపెట్టారు. అంటే అక్కడ పనిచేసింది షేకు ఒక్కటే కాదు. షేకూ, చీటీ చూసి మందులు సర్దే మనిషీ కలిసి పనిచేశారు. మన దగ్గర మొదటిది అమ్ముతున్నారు. రెండోది ఎవరి పని అన్నది ఎవరికీ పట్టడం లేదు.

చందా ఎలా కడతారో చూడండి. చాలా ఇళ్లలో కట్టేది తినేవాళ్లు కాదు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కూతురు ఇక్కడి అమ్మానాన్నల కోసం ఫోన్‌లో ఫారం నింపుతుంది. ప్రేమతోనే నింపుతుంది. ఎత్తు, బరువు, వయసు, శాకాహారమా మాంసాహారమా, కారం ఎంత ఉండాలి, ఉల్లి వెల్లుల్లి పడతాయా, డబ్బా ఎన్నింటికి రావాలి అని అడుగుతారు. 'మధుమేహం ఉందా' అన్నచోట టిక్కు పెట్టే గడి ఒకటి ఉంటుంది. టిక్కు పెడితే డబ్బాలో అన్నం పోయి కొర్రలొస్తాయి, అంతే. గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నారా, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారు అని అడిగే గడి నేను చూసిన ఫారాల్లో చాలావాటికి లేదు.

అన్ని షుగర్ మందులూ ఒక్కలా పనిచేయవు. ఒక్క మెట్‌ఫార్మిన్ మీద ఉన్నవాళ్లు తిండి తగ్గించినా షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అలా కాదు. అవి క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. కడుపులోకి అన్నం వచ్చిందా లేదా అన్నది వాటికి పట్టదు. ఇక ఇన్సులిన్ సూది సంగతి చెప్పనే అక్కర్లేదు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపి చేసిన బిళ్ల మన ఊళ్లలో చాలా మామూలు. తాము వేసుకునే ఒక్క బిళ్లలో రెండు మందులున్నాయని దాన్ని వేసుకునేవాళ్లలో చాలామందికి తెలియదు. వాళ్లు 'మాకు మెట్‌ఫార్మినే' అంటారు. అడిగేవాళ్లకు ఆ చీటీ చదవడం కూడా వచ్చి ఉండాలి.

డబ్బా ఆలస్యమైతే ఏమవుతుందో చెప్తాను. రిటైరైన మాస్టారు ఒకాయన. టిఫిన్‌కు ముందు బిళ్ల వేసుకోవడం ఆయనకు ఏళ్ల నాటి అలవాటు. ఇంట్లో వండుకున్నన్నాళ్లూ ఇడ్లీ పాత్ర పొయ్యి ఎక్కాకే బిళ్ల వేసుకునేవారు. డబ్బా మొదలయ్యాక ఏడున్నరకు బిళ్ల వేసుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవారు. ఒక రోజు వానలో బండి తొమ్మిదిన్నర దాటాక వచ్చింది. అప్పటికే ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, అడిగినదానికి పొంతన లేని జవాబులు చెబుతున్నారు. పక్కింటివాళ్లు గ్లూకోమీటర్ తెచ్చి చూస్తే 48. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించారు. పావుగంటకు కాస్త తేరుకున్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన భార్య, 'షుగర్ తగ్గాలనే కదమ్మా డబ్బా తెప్పించుకుంది, తగ్గితే మంచిదే కదా అనుకున్నాం' అంది. ఆవిడ అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. 70 కంటే కిందికి దిగితే ప్రమాదమని, చెమట, వణుకు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే తీపి నోట్లో వేయాలని ఆ డబ్బా మూత మీదా లేదు, ఆ యాప్‌లోనూ లేదు.

ఇంకో ప్రమాదం ఉంది. ఇది గ్లూకోమీటర్‌కు కూడా సరిగా దొరకదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు రక్తంలోని షుగర్‌ను మూత్రంలో బయటికి పంపిస్తాయి. మంచి మందులు. గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తాయి. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు గడువు తీరాక ధర పడిపోయి, చిన్న ఊళ్ల చీటీల్లో కూడా కనిపిస్తోంది. ఈ మందు వేసుకుంటూ పిండిపదార్థం దాదాపు లేని కీటో డబ్బాకు మారితే ఒంట్లో కొవ్వు వేగంగా కరిగి కీటోన్లు పేరుకుపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. గ్లూకోమీటర్‌లో అంకె మరీ ఎక్కువ ఉండకపోవచ్చు కాబట్టి గ్యాసనో, డబ్బా పడలేదనో అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. అది కీటోయాసిడోసిస్, ప్రాణం మీదికి వచ్చే స్థితి. ఈ మందులతో అది రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. 'షుగర్ వాళ్లకు ప్రత్యేకం' అని రాసి కీటో డబ్బా అమ్మేవాళ్లు ఈ ఒక్క మందు పేరైనా అడిగి తీరాలి.

ఇక డబ్బాలో ఏముందన్నది చూద్దాం.

ఒకావిడ తన మధ్యాహ్నం డబ్బా తినకుండా నా దగ్గరికి తెచ్చింది. మూడు నెలలుగా ఇదే తింటున్నా, తిన్నాక షుగర్ ఎందుకు దిగడం లేదో చూడమంది. మూత మీద ఆకుపచ్చ స్టిక్కర్, దాని మీద 'డయాబెటిక్ ఫ్రెండ్లీ, 350 కేలరీలు' అని ఉంది. ఇంకే వివరమూ లేదు. స్టీలు పళ్లెంలో వంపి వంటింటి త్రాసు మీద విడివిడిగా తూచాం. మూడొంతులు కొర్రల పులిహోర. రెండు చెంచాల చిక్కుడుకాయ కూర. చిన్న గిన్నెలో పల్చటి పప్పు, అడుగున పప్పు కంటే నీళ్లే ఎక్కువ. ఒక ఖర్జూరం ఉండ. పిండిపదార్థం 60 గ్రాములు దాటింది. మాంసకృత్తులు పది గ్రాములైనా ఉంటాయో లేదో. కేలరీల లెక్క తప్పని నేననడం లేదు. 350 కేలరీల భోజనంలో 65 గ్రాముల పిండిపదార్థం ఉండొచ్చు, 25 గ్రాములూ ఉండొచ్చు. బరువు చూసే యంత్రానికి రెండూ ఒకటే కావచ్చు గానీ, తిన్న రెండు గంటలకు వేలి మీద పొడిచి చూసే పరీక్షలో రెండింటికీ చాలా తేడా ఉంటుంది. ఇన్సులిన్ మోతాదు లెక్క కట్టేది కూడా కేలరీల మీద కాదు, పిండిపదార్థం గ్రాముల మీద. స్టిక్కర్ మీద లేనిది ఆ అంకే.

చిరుధాన్యాల మీద మన జనానికి ఇప్పుడు గొప్ప నమ్మకం. నేనూ తినమనే చెబుతాను, పీచు కోసం, ఖనిజాల కోసం. కానీ వంద గ్రాముల పాలిష్ బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, అంతే రాగుల్లో సుమారు 67 గ్రాములు, జొన్నల్లో సుమారు 68 గ్రాములు ఉంటుంది. ఈ లెక్క కట్టింది ఎవరో కాదు, హైదరాబాద్ తార్నాకలోని మన జాతీయ పోషకాహార సంస్థే. అన్నం తీసేసి అంతే కొర్రలు పెడితే షుగర్ దిగదు. కూర పెరగాలి, పప్పో గుడ్డో చేపో పెరగాలి. రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. డబ్బాలు కట్టేవాళ్లకు ధాన్యం చవక, మాంసకృత్తులు ఖరీదు. చాలా డబ్బాల్లో మూడొంతులు ఎందుకు అలా నిండుతున్నాయో అక్కడే తెలిసిపోతుంది.

పొడుల డబ్బాల మీద పోషకాల పట్టిక ఉంటుంది, ఆ మాటకు మీకు కృతజ్ఞతలు. అయితే చక్కెర గడిలో సున్నాకు దగ్గరగా అంకె వేసి, పదార్థాల జాబితాలో మొదటో రెండో పేరుగా మాల్టోడెక్స్‌ట్రిన్ కనిపించేవి ఉన్నాయి. అది లెక్కప్రకారం చక్కెర కాదు, పిండి నుంచి తీసినది. రక్తంలోకి మాత్రం గ్లూకోజ్ అంత వేగంగా వెళ్తుంది. 'షుగర్ ఫ్రీ' అనాలంటే వంద గ్రాముల్లో అర గ్రాముకు మించి చక్కెర ఉండకూడదని మీ 2018 నిబంధన చెబుతోంది. ఆ నిబంధన పాటిస్తూనే షుగర్ పెంచే పొడి అమ్మడానికి దారి ఉంది. 'రిఫైన్డ్ షుగర్ లేదు' అని రాసి బెల్లం, తేనె, ఖర్జూరం గుజ్జు కలిపే దారి ఇంకొకటి.

ఉప్పు సంగతీ చూడాలి. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. వేడినీళ్ల సూపు పొట్లం మీద 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే అది రెండు గ్రాముల ఉప్పు. షుగర్‌తో పాటు బీపీ ఉన్న ఇళ్లే ఎక్కువ. కిడ్నీ దెబ్బతినడం మొదలైనవాళ్లకు ప్రొటీన్ షేకులు డాక్టర్ని అడగకుండా పోయకూడదు.

మీ దగ్గర అధికారం లేక కాదు నేనింత రాస్తున్నది. 2006 ఆహార భద్రత చట్టంలో 22వ సెక్షన్ ప్రత్యేక అవసరాల ఆహారం గురించి కూడా చెబుతుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 53వ సెక్షన్ కింద పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. తాజా, స్వచ్ఛం, సహజం లాంటి మాటలు ఎప్పుడు వాడాలో కూడా 2018 నిబంధనల్లో మీరు రాశారు. పది చోట్ల లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్లు, కేంద్ర లైసెన్సు ఉన్నవి మెనూ మీద కేలరీలు వేయాలని 2020లో అన్నారు. కానీ డైట్ డబ్బాలు ఎక్కువగా తయారయ్యేది ఒకే వంటింట్లో. దానికి శాఖలుండవు. రోజుకు కొన్ని వందల మంది షుగర్ రోగులకు మూడు పూటలా తిండి పెట్టే ఆ వంటింటికి మీ మెనూ నిబంధన తగలడం లేదు. హోటల్లో బిర్యానీ తినేవాడు ఒక పూట తింటాడు. డబ్బా తినేవాళ్లు నెలల తరబడి అదే తింటారు, అదీ వైద్యమనుకుని తింటారు. వీళ్లకే ఎక్కువ వివరం కావాలి.

ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది గడప మీద ఉన్నారు. ఈ డబ్బాల వ్యాపారం ఇంకా చిన్నదే. పెరిగాక సర్దడం కంటే ఇప్పుడే సర్దడం తేలిక.

ఈ ఉత్తరం మీతో పాటు కొనేవాళ్లూ చదువుతారు కాబట్టి వాళ్లకూ కొన్ని మాటలు. చందా కట్టే ముందు మీ మందుల చీటీ, ఆ ప్లాన్‌లో రోజుకు ఎన్ని కేలరీలో రాసిన కాగితం రెండూ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 'ఇది మొదలుపెడితే ఏ బిళ్ల తగ్గించాలి' అని అడగండి. మీ అంతట మీరు బిళ్ల ఆపొద్దు. అలాగని మార్చకుండా వేసుకుంటూ పోవద్దు. బీపీ బిళ్ల గురించి కూడా అడగండి, బరువు తగ్గేకొద్దీ లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. మొదటి రెండు వారాలు పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్ చూసి రాసుకోండి. డబ్బా చేతికి వచ్చాకే బిళ్ల వేసుకోండి. ఇంట్లో గ్లూకోజ్ పొడి కనపడేచోట పెట్టుకోండి. అమ్మేవాళ్లను పూటకు పిండిపదార్థం ఎన్ని గ్రాములని అడగండి. చెప్పలేకపోతే అక్కడ డబ్బు కట్టొద్దు. పిల్లలు దూరం నుంచి కడుతుంటే, ముందు అమ్మనో నాన్ననో ఆ బిళ్లల అట్టలు ఫొటో తీసి పంపమనండి.

ఎప్పుడు మానాలన్నది కూడా మొదట్లోనే అడగాలి. డైరెక్ట్‌లో మామూలు తిండిని రెండు నుంచి ఎనిమిది వారాలు పట్టి మెల్లగా తిరిగి అలవాటు చేశారు. ఆ తర్వాతా నెలనెలా పిలిచారు. అయినా రెండేళ్లకు ఆ 46 శాతం 36కి దిగింది. ఇక్కడ ప్లాన్ అయిపోయిన మర్నాడు ఏం వండుకోవాలో చెప్పేవాళ్లు ఉండరు, రెండో నెలకు తగ్గింపు ధర ఫోన్‌కు వస్తుంది. డైట్ భోజనాల కంపెనీ జెన్నీ క్రెయిగ్ దాదాపు నలభై ఏళ్లు డబ్బాలు అమ్మి 2023 మేలో అమెరికాలో దుకాణాలన్నీ మూసేసింది. దాని మీదే ఆధారపడ్డవాళ్లు ఉన్నట్టుండి తమ వంట తాము మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. మంచి డబ్బా ఏదంటే, అందులో పప్పు ఎంత, కూర ఎంత, ధాన్యం ఎంత అని రాసి ఉండేది. నెల తిన్నాక అదే కొలతతో మన గిన్నెలో మన గోంగూర పప్పు, మన బీరకాయ కూర పెట్టుకోగలిగేలా ఉండేది. అలాంటివి అమ్మేవాళ్లు కొందరున్నారు. నిబంధన వస్తే వాళ్లకు నష్టం లేదు, మేలే.

మిమ్మల్ని నేను కోరేవి ఇవి. మధుమేహం పేరు చెప్పి బరువు తగ్గించే భోజనం ఏ రూపంలో అమ్మినా, ఒకే వంటింటి నుంచి అమ్మినా, పూటపూటకూ పిండిపదార్థం, పీచు, మాంసకృత్తులు, సోడియం గ్రాముల్లో మూత మీద ఉండాలి. 'డయాబెటిక్ ఫ్రెండ్లీ' అన్న మాటకు గ్రాముల్లో ఒక కొలత పెట్టండి. చందా ఫారంలో వాడే మందుల పేర్లు రాయనిదే డబ్బు కట్టే బటన్ పనిచేయకూడదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి రాస్తే డాక్టర్ సంతకం అడగాలి. ప్లాన్ వేసిన మనిషి పేరు, చదువు కనపడాలి. 2021లో వచ్చిన ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం పోషకాహార నిపుణులను కూడా తన కిందికి తెచ్చింది కాబట్టి దీనికి దారి కొత్తగా వేయక్కర్లేదు. లో షుగర్ గుర్తులు, అప్పుడు చేయాల్సినది తెలుగులో, ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ భాషలో, మూత మీదే అచ్చు వేయాలి. డబ్బా అరగంట దాటి ఆలస్యమైతే ఇంటికి ఫోన్ చేసి చెప్పడం అమ్మేవాళ్ల బాధ్యత కావాలి.

మేం తూచిన డబ్బాల వివరాలు, మూతల ఫొటోలు, మందుల గడి లేని ఫారాల కాపీలు అమ్మినవాళ్ల పేర్లతో సహా విడిగా రిజిస్టర్డ్ పోస్టులో మీ కార్యాలయానికి పంపుతున్నాను. మీ సాంకేతిక కమిటీ పిలిస్తే త్రాసు పట్టుకుని ఢిల్లీ రావడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు
ఒక డైటీషియన్
విజయవాడ